మా అత్తమ్మ ఎక్కిన పుష్పక్

"చిన్న విమానం ఎక్కాలనుంది ఆంటీ, భయమేస్తుందంటారా?" అని మొన్న మా ద్వారక సొసైటీలో పైఫ్లాటు అమ్మాయి అడిగింది. సెలవుల్లో స్నేహితులతో కలిసి ఏదో ఊరికి వెళ్తోందట. అక్కడ ఇద్దరు పట్టే విమానంలో కాసేపు గాల్లో తిప్పి దింపుతారట. వాళ్లమ్మకు చెప్పాలా వద్దా అని తటపటాయిస్తోంది. ఆ అమ్మాయికి టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పిన సంగతే ఇక్కడా రాస్తున్నాను. ఇలాంటి సరదా ఉన్నవాళ్లకు పనికొస్తుంది. లేనివాళ్లు మా అత్తమ్మ కోసమైనా చదవండి.

డెబ్బయ్యో దశకం చివర్లో మేము లక్ష్మీబాయి నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్లం. నేనొక మంత్రిత్వ శాఖలో స్టెనోగ్రాఫర్‌ని. మావారు ప్రభాకర్ మరో శాఖలో సెక్షన్ ఆఫీసర్. నాది జగిత్యాల వైపు, ఆయనది పాలకొల్లు దగ్గర పల్లె. ఢిల్లీలోనే పరిచయమై, ఢిల్లీలోనే రిజిస్టరు పెళ్లి చేసుకున్నాం. ఆ పెళ్లికి మా అత్తమ్మ మాణిక్యాంబ రాలేదు. కోపమని ఎవరూ అనలేదు, వరికోతలని అన్నారు. రెండేళ్లు దాటాక ఒక వేసవిలో, మామయ్యను వ్యవసాయానికి వదిలి, రెండు రాత్రులు రైల్లో కూర్చుని ఒక్కతే వచ్చింది. వచ్చిన రోజు నుంచీ నాతో మర్యాదగానే ఉండేది, అదే నాకు ఇబ్బంది. కూర బాగుందనేది, చీర బాగుందనేది, ఆ తర్వాత మా ఇద్దరికీ మాటలుండేవి కావు. నా యాస వింటే ఆవిడకు నవ్వొచ్చేది. ఆవిడ నవ్వుతుందేమోనని నేను తక్కువ మాట్లాడేదాన్ని.

ఎర్రకోట చూపించాం, కుతుబ్‌మినార్ చూపించాం. "బావుంది" అని ఊరుకుంది. ఆవిడకు నిజంగా నచ్చింది మా డాబా. మా క్వార్టర్లకు రోడ్డు అవతలే సఫ్దర్‌జంగ్ ఏరోడ్రోమ్ ఉంది. పెద్ద విమానాలన్నీ పాలంలో దిగేవి. సఫ్దర్‌జంగ్‌లో మాత్రం విమానం నడపడం నేర్చుకునేవాళ్లు చిన్న చిన్న విమానాలు, ఇంజను లేని గ్లైడర్లు ఎగరేసేవారు. సర్కారువారి మైదానమే అయినా ఊరిచివర పశువుల మేతబీడులాగా పచ్చగా, ప్రశాంతంగా ఉండేది. పొద్దున ఆరు కొట్టేసరికి విమానాలు మా డాబా మీదుగా గుర్రుమంటూ పోయేవి. అత్తమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కి, మెడ నొప్పెట్టేదాకా చూసేది.

ఒక రోజు నేను బట్టలారేస్తుంటే అడిగింది.

"అందులో ఎంతమంది పడతారు?"

"ఇద్దరే అత్తమ్మా. నడిపేటాయన ఒకరు, పక్కన ఇంకొకరు."

"డబ్బులిస్తే మనల్ని ఎక్కించుకుంటారా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. సాయంత్రం కొడుకునూ అదే అడిగింది.

"ఏంటమ్మా నువ్వు! మోకాళ్ల నొప్పులని బస్సే ఎక్కలేకపోతున్నావు, విమానం ఎక్కుతావా?" అని ఆయన పేపరు మడిచేశారు. ఆయన తీరే అంత. గ్యాసుబండ కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకునే మనిషి.

అత్తమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ మర్నాడు పొద్దున కూడా డాబా మీదే ఉంది. నేను పక్కన నిలబడి, "ఎందుకత్తమ్మా అంత మనసైంది?" అన్నాను.

"ఎందుకేంటే! ఎగురుతోంది గదా!" అంది.

అంతకంటే మంచి కారణం నాకూ తోచలేదు. మా ఆఫీసులో ఒకమ్మాయి తమ్ముడు ఆ క్లబ్బులోనే విమానం నేర్చుకుంటున్నాడు. ఆమెనడిగితే, ఆదివారాలు పొద్దున సభ్యుల బంధువులను, స్నేహితులను ఒక పావుగంట తిప్పి దింపుతారని, తమ్ముడితో చెప్పిస్తానని అంది. ఖర్చు ఒక మంచి నేతచీర ఖరీదంత. ఆ వారమే మావారికి చండీగఢ్‌లో డ్యూటీ పడింది, ఆదివారం సాయంత్రం తిరిగొస్తారు. శనివారం రాత్రి అన్నం వడ్డిస్తూ, "అత్తమ్మా, పొద్దుగాల పోదామా?" అన్నాను. ఎక్కడికని ఆవిడ అడగలేదు. "వాడికి చెప్పావా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. "మంచి పని చేశావు," అని పెరుగన్నం కలుపుకుంది.

ఆదివారం పొద్దున చల్లగా ఉండగానే నడిచి బయల్దేరాం. మా క్వార్టర్ల నుంచి పెద్ద రోడ్డు దాటి, గోడ వెంబడి ఇరవై నిమిషాలు నడిస్తే గేటు. అత్తమ్మ ఉప్పాడ చీర కట్టి, కొంగు నడుముకు బిగించి, తలలో మల్లెలు పెట్టుకుంది. మోకాళ్ల నొప్పుల ఊసే లేదు. గేటు దగ్గర చౌకీదారుకు క్లబ్బు కుర్రాడి పేరు చెబితే లోపలికి వదిలాడు. ఒక పెద్ద రేకుల షెడ్డు, దాని ముందు వరసగా విమానాలు, వేపచెట్టు కింద బల్లలు, ఒక టీ కొట్టు. గడ్డిలో తీతువులు అరుస్తూ పరుగెడుతున్నాయి. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి స్తంభం మీద కట్టిన గుడ్డగొట్టం కొద్దిగా కదులుతోంది. ఆ వెనక సఫ్దర్‌జంగ్ సమాధి గుమ్మటం. టీ, బన్ను పదిహేను పైసలకో ఇరవై పైసలకో ఇచ్చేవారు. బన్ను బాగుండేది.

మాకు చెప్పిన పైలట్ గిల్ అనే సర్దార్జీ. పాతికేళ్లు దాటి ఉండవేమో. తలపాగా నీటుగా, గడ్డం ఇంకా పూర్తిగా రాలేదు. శిక్షకుడై కొన్ని నెలలే అయిందట. అత్తమ్మ కాళ్లకు దణ్ణం పెట్టి, "మాతాజీ, డర్ తో నహీ లగేగా?" అన్నాడు. భయమేయదు కదా అని అడుగుతున్నాడని చెప్పాను.

"ఆ పిల్లాడికి భయం లేకపోతే నాకూ లేదని చెప్పు," అంది.

మొదట ఆవిడను సామాన్లు తూచే కాటా మీద నిలబెట్టారు. విమానం చిన్నది కదా, బరువు చూసుకోవాలి. "నన్ను బెల్లం దిమ్మలా తూస్తున్నారేంటే!" అని నా చెవిలో అంది. తర్వాత విమానం పేరు పుష్పక్ అని నేను చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "పుష్పకమా! ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందటగా. అయితే నువ్వూ రా!" గిల్‌కు ఆ మాట హిందీలో చెబితే పగలబడి నవ్వాడు. మా పుష్పక్‌లో మాత్రం రెండే సీట్లు మాతాజీ, అన్నాడు.

మిశ్రా అని అక్కడి మెకానిక్, యాభై ఏళ్ల మనిషి, ఒక స్టూలు తెచ్చి వేశాడు. అత్తమ్మ ఎక్కి కూర్చుంది. బెల్టు బిగించారు. కొంగుకు నేను రెండు పిన్నీసులు పెట్టాను. మిశ్రా ముందున్న పంకాను చేత్తో తిప్పితే ఇంజను దగ్గి, అందుకుంది. విమానం గడ్డి మీద గెంతుతూ వెళ్లి, చివర మలుపు తిరిగి, పరుగందుకుని లేచింది. కిటికీలోంచి ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది. అప్పుడు తొమ్మిది కావస్తోంది.

యమున దాకా వెళ్లి, కుతుబ్ వైపు తిరిగి రావాలి. పావుగంట పని. నేను బల్ల మీద కూర్చుని రెండో టీ చెప్పాను.

ఢిల్లీలో వేసవిలో దుమ్ము తుఫాను వస్తుంది, ఆంధీ అంటారు. మామూలుగా సాయంత్రాలు వస్తుంది. ఆ రోజు పొద్దున్నే వచ్చింది. టీ సగం తాగానో లేదో, తీతువులు ఒక్కసారిగా లేచాయి. సరోజినీ నగర్ వైపు ఆకాశం ఇటుకరంగు గోడలా లేచి మా మీదికి నడిచొస్తోంది. "ఆంధీ! ఆంధీ!" అని కేకలు. అందరూ పరుగెత్తి విమానాలను తాళ్లతో కట్టేస్తున్నారు. ఒక గ్లైడర్ రెక్క పైకి లేస్తుంటే దాని మీద నలుగురు పడ్డారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇంజను లేకుండానే ఎగరాలని చూసే ఆ వస్తువును పట్టుకుని, కళ్లు మూసుకుని, నోట్లో పడ్డ మట్టి ఉమ్ముకుంటూ ఎంతసేపున్నానో గుర్తులేదు. గాలి తగ్గి కళ్లు తెరిస్తే ఎదురుగా ఉన్న షెడ్డు కూడా మసకమసకగా ఉంది. పుష్పక్ రాలేదు.

"రేడియోలో పిలవండి," అన్నాను మిశ్రాతో.

"పిలుస్తూనే ఉన్నారు బెహన్‌జీ. ఆ చిన్నదాంట్లో రేడియో అంతంతమాత్రమే. గిల్ సాబ్ మంచి పైలట్. దుమ్ము వెనకనుంచి వస్తే ముందుకు పోతాడు. రెండు గంటలకు సరిపడా పెట్రోలుంది. ఎక్కడో ఒకచోట దించుతాడు." ఆయన గొంతు నెమ్మదిగానే ఉంది. చేతిలోని గుడ్డను మాత్రం పిండుతూనే ఉన్నాడు.

వేపచెట్టు కింద బల్ల మీద కూర్చున్నాను. ప్రభాకర్‌కు ఏమని చెప్పాలి? పెళ్లికి రాని మనిషి మొదటిసారి నా ఇంటికొస్తే నేను చేసిన మర్యాద ఇదా? పాలకొల్లులో మామయ్యకు టెలిగ్రాం ఎవరివ్వాలి, ఏమని ఇవ్వాలి? ఆవిడ వద్దని చెప్పినా నేను లాక్కొచ్చి ఉంటే అదొక రకం. ఆవిడే అడిగింది, నేనే తీసుకొచ్చాను. మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని ఇది. అది ఇలా అయిందే అనుకుంటే ఏడుపాగలేదు. టీ కొట్టతను ఒక గ్లాసు నీళ్లు తెచ్చి పెట్టాడు.

పదకొండు దాటాక ఆఫీసు గదిలో ఫోను మోగింది. మిశ్రా లోపలికి పరుగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. "హా... హా... అచ్ఛా... కహా?... మాతాజీ?" అని ఆగాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆయన ముఖం చూసి నాకు ఏమీ అర్థం కాలేదు, నవ్వుతున్నాడు.

"ఘాజియాబాద్ దాటాక, మురాద్‌నగర్ దగ్గర గోధుమ చేలో దిగారు. ఇద్దరూ బాగున్నారు. గిల్ సాబ్ పోలీసు చౌకీ నుంచి మాట్లాడుతున్నాడు. మాతాజీ భోజనం చేస్తున్నారట."

నేను గుమ్మంలోనే కూలబడి, ఏడుస్తూ నవ్వాను.

విమానాన్ని పరీక్షించి గాని మళ్లీ ఎగరనివ్వరు. కాబట్టి మిశ్రా పనిముట్లతో జీపులో బయల్దేరాడు, నన్నూ ఎక్కించుకున్నాడు. మా దారి చెబుతాను, ఇప్పుడు కూడా దాదాపు అదే. లోధీ రోడ్డు మీదుగా ఐటీఓ వచ్చి, యమున వంతెన దాటి, షాహ్‌దరా దగ్గర జీటీ రోడ్డు పట్టుకుని ఘాజియాబాద్, అక్కడి నుంచి మీరట్ రోడ్డు. నలభై కిలోమీటర్లు కాస్త అటూ ఇటూగా. ఆ రోజు మాత్రం రెండు గంటలు పట్టింది. దారంతా వేపకొమ్మలు, ఎగిరిపడ్డ రేకులు, ఒకచోట అడ్డంగా పడ్డ టాంగా. కరెంటు పోయి ఘాజియాబాద్ ఫ్యాక్టరీల ముందు కార్మికులు బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు ఇందిరాపురం అపార్టుమెంట్లున్న వైపంతా అప్పుడు పొలాలు. మిశ్రా దారి పొడుగునా తన ముగ్గురు ఆడపిల్లల చదువుల గురించి చెప్పుకొచ్చాడు. నా ధ్యాస మళ్లించాలని మాట్లాడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

మురాద్‌నగర్ దగ్గర గంగ కాలువ దాటగానే ఎడమవైపు మట్టిబాట. ఎవరినీ అడగక్కర్లేకపోయింది, ఊరంతా అటే నడుస్తోంది. కోసేసిన గోధుమ చేలో, మొదళ్ల మధ్య పుష్పక్ బొమ్మలా నిలబడి ఉంది. దాని నీడలో ఒక గేదె పడుకుంది. చేను గట్టున శీశమ్ చెట్టు కింద నులకమంచం. దాని మీద మా అత్తమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇంత పొడుగు ఇత్తడి గ్లాసుతో మజ్జిగ తాగుతోంది. పక్కన ముసుగేసుకున్న ఆడవాళ్లు పదిమంది. ఒకావిడ విసనకర్రతో విసురుతోంది. అత్తమ్మ తలలోని మల్లెలు ఆవిడ జడలో ఉన్నాయి.

"రావే, రా! రొట్టె తిందువుగాని," అంది నన్ను చూసి. "టిక్కెట్టులో భోజనం కూడా ఉందని చెప్పలేదేం?"

నేనేదో అనబోయాను. ఇంతలో గిల్ నన్ను పక్కకు పిలిచాడు. చొక్కా అంతా మట్టి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దీదీ, ఆవిడకేమీ చెప్పకండి. దుమ్ము కనపడగానే వెనక్కి తిప్పాను, మన మైదానం అప్పటికే మాయమైంది. ఎటు చూసినా అదే. తూర్పుకు పరుగెత్తాను. ఆవిడ ఇదంతా ప్రయాణంలో భాగమే అనుకున్నారు. దిగాక చప్పట్లు కొట్టారు. దారంతా ఏవో కబుర్లు చెప్పారు. నాకొక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ గొంతు ఆగనందుకే నేను సరిగ్గా దించగలిగానేమో."

విసనకర్ర ఆవిడ పేరు భగవంతి, ఆ చేను వాళ్లదే. ఆమెకు తెలుగు రాదు, అత్తమ్మకు హిందీ రాదు. అయినా భగవంతికి ఎంతమంది పిల్లలో అత్తమ్మకు తెలుసు, ఈవిడ మోకాళ్లకు ఏ నూనె రాసుకోవాలో ఆవిడ చెప్పేసింది. నాకు జొన్నరొట్టెలాగా మందంగా ఉన్న రొట్టె, ఉల్లిపాయ, బెల్లం ముక్క పెట్టారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. భగవంతి ఇంకొకటి వేస్తుంటే అత్తమ్మ, "వెయ్యి, వెయ్యి, దానికి మొహమాటం," అని తెలుగులోనే చెప్పింది. ఆమె తెలుగు అర్థమైనట్టే రెండు వేసింది.

మిశ్రా విమానాన్ని అంగుళం అంగుళం తడిమి చూస్తుండగా మేం గంగ కాలువ గట్టు మీదికి వెళ్లాం. నిండుగా, నిదానంగా పారుతోంది. అత్తమ్మ మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. "అచ్చం మా కాలవే," అంది. "మా నరసాపురం కాలవ మీద పడవలో కాపరానికొచ్చాను తెలుసా? పదమూడేళ్లు అప్పుడు. పడవ ఎక్కడికి పోతోందో కూడా తెలీదు." తర్వాత నన్నడిగింది. "మీ ఊళ్లో కాలవలున్నాయా?"

"లేవత్తమ్మా. చెరువులున్నయి. ఎండకాలం ఎండిపోతయి. అప్పుడు అందుల క్రికెట్ ఆడుకుందుము."

"నువ్వా?"

"నేనే. బౌలింగ్ చేసేదాన్ని."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. ఈసారి నా యాసకు కాదు. నేనూ నవ్వాను. చెరువు గురించి ఇంకా చెప్పమంది, చెప్పాను. మా అమ్మ గురించి అడిగింది. అదీ చెప్పాను.

నాలుగు గంటలకు గాలి తీరు బాగుందని గిల్ అన్నాడు. చేను పొట్టిది కాబట్టి విమానం తేలిగ్గా ఉండాలి, ఒక్కడే వెళ్తాడు. అత్తమ్మ ముఖం చిన్నబోయింది. ఊరివాళ్లు మొదళ్లు తొక్కి బాట చేశారు, గేదెను లేపారు. పుష్పక్ ఎగుడుదిగుడుగా పరుగెత్తి, చివరనున్న చెరకుతోట మీదుగా గాల్లోకి లేచింది. ఊరు ఊరంతా ఒకటే కేక. మేం జీపెక్కుతుంటే భగవంతి అత్తమ్మ ఒళ్లో బెల్లం మూట పెట్టి, రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మళ్లీ రమ్మని చెప్పుకున్నారు.

ఘాజియాబాద్ దాటాక, మిశ్రా దృష్టి రోడ్డు మీదుండగా, అత్తమ్మ నెమ్మదిగా అంది. "ఆ పిల్లాడు నీకు చెప్పాడా?"

"ఏం చెప్పిండత్తమ్మా?"

"నాకేమీ తెలీలేదని." కిటికీలోంచి బయటికి చూస్తోంది. "వెనక దుమ్ము చూశానే. గోదారి మీద గాలివానలు చూసిన దాన్ని, నాకా తెలీనిది? వాడి మెడ మీద చెమట కారిపోతోంది. పక్కనున్న నేను కూడా హడలిపోతే వాడేం చేస్తాడు? అందుకని ఆవకాయ ఎలా పెట్టాలో మొదలుపెట్టాను. దిగేదాకా అదే చెప్పాను. దిగాక నా కాళ్లు కదల్లేదు. చప్పట్లు కొడుతూ కాసేపు అక్కడే కూర్చున్నాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఏరోడ్రోమ్ గేటు వచ్చేదాకా వదల్లేదు, ఆవిడా వదిలించుకోలేదు.

గేటు దగ్గర ప్రభాకర్ నిలబడి ఉన్నారు, చేతిలో ఇంకా చండీగఢ్ సంచి. ఇంటికి తాళం చూసి పక్కింటివాళ్లనడిగితే, పొద్దున మమ్మల్ని అటు వెళ్తుండగా చూసిన వాళ్లు ఏరోడ్రోమ్ అన్నారట. ఇక్కడికొస్తే చౌకీదారు సగం కథ చెప్పాడట, చెప్పకూడని సగం. ఆయన ముఖం సున్నంలా ఉంది. నన్ను చూడగానే, "నీకసలు బుద్ధుందా సుజాతా?" అని అరిచారు. పెళ్లయ్యాక ఆయన నా మీద గొంతెత్తడం అదే మొదలు.

నేనే తీసుకెళ్లానని చెప్పబోయాను. అత్తమ్మ జీపులోంచి దిగకుండానే అంది. "ఒరేయ్, దాన్నేమన్నా అన్నావంటే ఈ జీపులోనే వెనక్కి పోతాను. అక్కడ నాకు మంచం వేసి ఉంచారు. నిన్నడిగితే వద్దన్నావు. ఇది అడక్కుండానే తీసుకెళ్లింది. రేపు నేను మీ నాన్నకి చెప్పుకునేది దీని పేరే."

ఆయన తల్లిని పట్టుకుని జీపు పక్కనే ఏడ్చేశారు. చౌకీదారు అటు తిరిగి గేటు వేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున గిల్ మా ఇంటికి వచ్చాడు. మాతాజీ ప్రయాణం సగమే అయింది, మిగతా సగం బాకీ ఉన్నానన్నాడు. అత్తమ్మ ఇడ్లీ పెట్టింది, ఆరు తిన్నాడు. ప్రభాకర్ ఆకాశం వైపు చాలాసేపు చూసి, చెప్పులేసుకున్నారు. ఆ రోజు ఒక్క మబ్బు లేదు, దుమ్ము లేదు. ఆవిడ పైకెళ్లిన పావుగంటసేపూ ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజు విరిగింది. పుష్పక్ గడ్డి మీద మెత్తగా దిగింది. అత్తమ్మ స్టూలు మీద కాలు పెట్టి దిగి, కొంగులోని పిన్నీసులు తీసి నా కొంగుకు పెట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు నువ్వెక్కు," అంది.

నేనెక్కాలన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. ఆవిడకు వచ్చింది. బెల్టు బిగించారు, పంకా తిరిగింది, గడ్డి వెనక్కి పరుగెత్తింది, ఒక్క కుదుపుతో చప్పుడు మారిపోయింది. నేల వదిలేసిందని ఆ చప్పుడు వల్లే తెలిసింది. భయం ఒక నిమిషం ఉంది. తర్వాత కింద మా క్వార్టర్లు కనిపించాయి. చదరాలు చదరాలుగా డాబాలు, ఒకదాని మీద నేను పొద్దున ఆరేసిన నీలం దుప్పటి. యమున సన్నని గీతలా మెరుస్తోంది. లోధీ తోటల చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. గట్టిగా అరవాలనిపించింది, అరిచాను. గిల్ కూడా అరిచాడు.

అత్తమ్మ అనుకున్న దానికంటే పదిహేను రోజులు ఎక్కువే ఉండి వెళ్లింది. ఆ పదిహేను రోజులూ వంటింట్లో ఇద్దరం ఒకటే మాటలు. "ఏం కొంపలు మునిగాయని అంత గొడవ" అని ప్రభాకర్ పేపరు పట్టుకుని ఇంకో గదిలోకి పోయేవారు. సఫ్దర్‌జంగ్‌లో చిన్న విమానాలు ఎగరడం ఆగిపోయి చాలా ఏళ్లయింది. నగరం చుట్టూ పెరిగిపోయింది, రక్షణ పెరిగింది. అత్తమ్మ కూడా లేదు. నేను చాలా పెద్ద విమానాలెక్కాను, చాలా దూరాలు వెళ్లాను. వాటిలో కిటికీ పక్క సీటు దొరికినా నేల వదిలిన క్షణం తెలియదు. పెళ్లి పుస్తకంలో సంతకం పెట్టిన రోజు నేనొకరి భార్యనయ్యాను. కోడలినైంది మాత్రం ఆ గంగ కాలువ గట్టు మీద, బౌలింగ్ గురించి చెప్పుకుంటూ కూర్చున్నప్పుడనుకుంటాను. ఏరోడ్రోమ్ అంటే ఎవరికైనా ఎగరడం గుర్తొస్తుంది. నాకు ఆ కాలువే గుర్తొస్తుంది.

వెళ్లబోయేవాళ్లకు ఒక్క సలహా. చిన్న విమానం ఎక్కేటప్పుడు, ఎక్కడైనా సరే, ఏ టైముకు ఎక్కుతున్నారో, ఏ మైదానం నుంచో, అక్కడి ఫోను నంబరేమిటో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. వద్దనే మనిషికి కాదు, వెళ్లిరా అనే మనిషికి. అలాంటివాళ్లు ఇంట్లో ఎవరూ లేకపోతే, ఆ వద్దనే మనిషిని కూడా మీతో తీసుకెళ్లి ముందు వాళ్లనే ఎక్కించండి.